ఆకలి పేరిట పెంచిన బూజు

మాంసకృత్తులు అన్న మాటలోనే ఒక మొగ్గు ఉంది. కందిపప్పులో ఉన్నా, వేరుశనగలో ఉన్నా, పుట్టగొడుగులో ఉన్నా ఆ పదార్థానికి మనం మాంసం పేరే పెట్టుకున్నాం. ఈ మొగ్గు మన పాఠ్యపుస్తకాలతో మొదలైంది కాదు. 1838లో డచ్ రసాయన శాస్త్రవేత్త ముల్డర్, స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ సూచన మీద, దీనికి గ్రీకు మూలం నుంచి ‘ప్రొటీన్’ అనే పేరు తెచ్చారు. మొదటి వరుసలో నిలిచేది అని దాని భావం. పేరులోనే పెద్దపీట వేశాక తక్కిన పోషకాలన్నీ వెనక వరుసలోకి జరిగాయి. కండరం కదిలినప్పుడు ఖర్చయ్యేది ప్రొటీనే అని జర్మనీలో లీబిగ్ నమ్మారు. 1865లో ఆయన పేరు మీద పుట్టిన కంపెనీ దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో పశుమాంసాన్ని మరిగించి, సారం తీసి ఐరోపాకు పంపింది. మ్యూనిక్‌లో కార్ల్ ఫోయిట్ కష్టం చేసే మనిషికి రోజుకు 118 గ్రాముల ప్రొటీన్ కావాలన్నారు. అక్కడి కూలీలు తింటున్నదాన్ని కొలిచి చెప్పిన అంకె అది. ఎంత తింటున్నారు, ఎంత కావాలి అనే రెండు వేరు ప్రశ్నలు అక్కడ ఒకటైపోయాయి. 1904లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చిటెండెన్ తన మీద, సైనికుల మీద, క్రీడాకారుల మీద ప్రయోగాలు చేసి, అందులో సగంతోనే ఆరోగ్యంగా ఉండవచ్చని చూపారు. అయినా పెద్ద అంకెకున్న పలుకుబడి చాలాకాలం తగ్గలేదు.

మన దేశానికి ఈ అంకె వలస పాలనతో పాటు వచ్చింది. బెంగాల్‌లో పనిచేసిన మెకే అనే సైనిక వైద్యుడు 1912లో ప్రచురించిన గ్రంథంలో, జాతుల దేహబలంలోని తేడాలకు వాళ్లు తినే ప్రొటీనే కారణమని వాదించారు. తర్వాత నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఎలుకల గుంపులకు దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిండి పెట్టి చూశారు. సిక్కుల గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న ఎలుకలు బాగా ఎదిగాయి. బెంగాలీ, మద్రాసీ అన్నం తిన్నవి వెనకబడ్డాయి. అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉన్నాయి కనుక ఆ బలహీనమైన ఎలుకల్లో మన వాటా కూడా ఉన్నట్టే. మెక్‌కారిసన్ స్వయంగా పాలను, ముడిధాన్యాన్ని, ఆకుకూరలను కలిపి మొత్తం భోజనాన్ని చూసిన మనిషి. ఆయన పేరు చెప్పుకున్నవాళ్లు మాత్రం అందులోంచి ఒక్క ప్రొటీన్‌నే ఏరుకున్నారు.

కూనూరులో 1918లో ఒకే గదిలో, బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం మొదలైన ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉన్న ఈ సంస్థ చరిత్రను ప్రపంచ చరిత్రలో భాగంగా మనం తగినంత చెప్పుకోలేదని నా అభిప్రాయం. ప్రొటీన్ కోసం ప్రపంచం చేసిన అతి విచిత్రమైన వెతుకులాట ఎక్కడ గురి తప్పిందో తేల్చిన చోట్లలో ఇది ముఖ్యమైనది. అయితే ముందుగా ఆ వెతుకులాట ఎలా మొదలైందో చెప్పాలి.

1930ల మొదట్లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పసిపిల్లల్లో ఒక జబ్బును గమనించారు. కాళ్లకు నీరు పట్టడం, పొట్ట ఉబ్బడం, చర్మం పొరలుగా ఊడటం, జుట్టు రంగు మారడం దాని లక్షణాలు. 1933లో దాన్ని వర్ణిస్తూ రాశారు. 1935లో అక్కడి గా భాషలోని పేరునే వైద్య ప్రపంచానికి అందించారు: క్వాషియోర్కర్. కొత్త బిడ్డ పుట్టినప్పుడు తల్లిపాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ తల్లుల భాషలో దాని అర్థం. జబ్బు కారణాన్ని తల్లులు పేరులోనే చెప్పారు. పాలు మాన్పించిన ఆ పిల్లలకు దొరికింది మొక్కజొన్న గంజి. అందుకే లోపించినది ప్రొటీన్ కావచ్చునని విలియమ్స్ భావించారు. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల తరఫున బ్రాక్, ఓత్రే అనే ఇద్దరు ఆఫ్రికా దేశాల్లో తిరిగి ఇచ్చిన నివేదిక ఆ ఊహకు అంతర్జాతీయ ముద్ర వేసింది. 1955లో ఐక్యరాజ్యసమితి సంస్థలకు ప్రొటీన్ సలహా బృందం ఒకటి ఏర్పడింది. 1968కి వచ్చేసరికి ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభాన్ని ఆపాలంటూ ఐక్యరాజ్యసమితి నివేదికే వెలువడింది.

ఆ పదిహేనేళ్లలో ఎన్ని రకాల పిండులు తయారయ్యాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గ్వాటెమాలాలో పత్తిగింజల పిండితో ఇన్‌కపరీనా చేశారు. ఎండు చేపల నుంచి వాసన, కొవ్వు తీసేసి తెల్లటి పొడి చేశారు. ఇంగ్లండులో నార్మన్ పీరీ ఆకుల రసం నుంచి ప్రొటీన్ గడ్డకట్టించారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ పిండి మూడు వంతులు, శనగపిండి ఒక వంతు కలిపి బహుళార్థక ఆహారం అనే పొడిని తెచ్చింది. నూనె తీసిన వేరుశనగ పిండి చవక. మన దగ్గర పుష్కలం. అంతలోనే 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో పెరిగిన ఒక బూజు విషం కారణమని తేలింది. ఆ విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ మీద కట్టుకున్న ఆశలకు అది పెద్ద దెబ్బ. ఒక బూజు ఇలా దారి మూస్తున్న కాలంలోనే, వేరొక బూజు కోసం ఇంగ్లండులోనే గాలింపు మొదలవడం ఈ చరిత్రలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం.

సూక్ష్మజీవులను తిండిగా పెంచడం అప్పటికి కొత్త ఆలోచన కాదు. బీరు కాచగా మిగిలిన ఈస్టును మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పశువుల దాణాలో వాడింది. రెండో యుద్ధంలో చెక్క నుంచి తీసిన చక్కెర మీద టొరులా ఈస్టును పెంచి సైనికుల సూపుల్లో, సాసేజీల్లో కలిపింది. 1960ల ప్రారంభంలో ఫ్రాన్సులో మార్సేయ్ దగ్గరి లవేరా చమురుశుద్ధి కేంద్రంలో, బీపీ కంపెనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ షాంపన్యా ముడిచమురులోని మైనాన్ని తినే ఈస్టుతో ప్రయోగాలు చేశారు. మైనం తగ్గిన చమురు ఒకవైపు, ప్రొటీన్ నిండిన ఈస్టు మరోవైపు చేతికొచ్చాయి. 1960ల మధ్యలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో దీనికి ‘ఏకకణ ప్రొటీన్’ అని మర్యాదైన పేరు పెట్టారు. పెట్రోలు, బ్యాక్టీరియా, బూజు లాంటి మాటలు తినేవాడి చెవిన పడకుండా ఉండటానికి ఆ పేరు పనికొచ్చింది. మన దేశంలోనూ జోర్హాట్, దేహ్రాదూన్ ప్రయోగశాలలు ఈ దారిలో పనిచేశాయి. ఆ రోజుల్లో ఒక లెక్క తరచుగా వినిపించేది: అయిదు వందల కిలోల పశువు రోజుకు సుమారు అర కిలో ప్రొటీన్ కడితే, అంతే బరువున్న ఈస్టు టన్నుల లెక్కన కడుతుందని. లెక్క తప్పు కాదు. అయితే పెరిగే వేగానికే అది జవాబు. ఎవరు తింటారు, ఎవరు కొనగలరు అన్నవి అందులో చేరలేదు.

ఇంగ్లండులో ఈ పని నెత్తికెత్తుకున్నది పిండిమరల వంశం. జె. ఆర్థర్ ర్యాంక్ పేరు పాత ఇంగ్లీషు సినిమాలు చూసినవారికి గుర్తుండవచ్చు. సినిమాకు ముందు తెర మీద ఒక వస్తాదు పెద్ద జేగంట మోగించే దృశ్యం ఆయన సంస్థ గుర్తే. సినిమాల్లోకి రాకముందూ, వచ్చాకా కూడా ఆ కుటుంబ సంపదకు మూలం గోధుమపిండి. ఆయన ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ కంపెనీ దగ్గర పిండిపదార్థం కావలసినంత ఉంది. దాన్ని ప్రొటీన్‌గా మార్చే జీవి ఏదైనా ఉందా అని వెతకమన్నారు. పరిశోధకులు ప్రపంచం నలుమూలల నుంచి 3,000 పైచిలుకు మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించారు. చివరికి 1967లో, హై వికోమ్ పట్టణంలోని తమ ప్రయోగశాలకు కొద్ది మైళ్ల దూరంలోనే, మార్లో అనే ఊరి మట్టిలో దొరికింది వాళ్లకు కావలసిన శిలీంధ్రం. మొదట దాన్ని గోధుమ కంకికి తెగులు తెచ్చే జాతిగా గుర్తించారు. తర్వాత సరిదిద్ది ఫ్యుసేరియం వెనెనేటమ్ అన్నారు. వెనెనేటమ్ అంటే లాటిన్‌లో విషపూరితం. అఫ్లటాక్సిన్ భయం తాజాగా ఉన్న రోజుల్లో ఇలాంటి వంశం నుంచి వచ్చిన బూజును మనుషులకు పెట్టాలంటే మాటలు కాదు. జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి. బ్రిటిష్ ప్రభుత్వ అనుమతి 1980ల తొలి సగంలో గాని రాలేదు.

దీన్ని పెంచే పద్ధతి చెప్పుకోదగ్గది. 40 మీటర్లకు పైగా ఎత్తున్న ఉక్కు గొట్టం ఒకటి, లక్షన్నర లీటర్లు పట్టేది. అందులో గోధుమ పిండిపదార్థం నుంచి తీసిన గ్లూకోజు నీళ్లు, నత్రజని కోసం అమోనియా, కొన్ని లవణాలు. తిప్పడానికి తెడ్డు ఉండదు. అడుగున ఊదిన గాలే ద్రవాన్ని పైకి మోసుకుపోతుంది. పైన గాలి విడిపోయాక బరువెక్కిన ద్రవం రెండో గొట్టం గుండా కిందికి దిగుతుంది. ఆ సుడిలో బూజు సన్నని దారాలుగా పెరుగుతుంది. ఒక్కో దారం మందం మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు, పొడవు అర మిల్లీమీటరు చుట్టుపక్కల. ఆరు వారాలు దాటేసరికి దారాలకు కొమ్మలు విపరీతంగా వేసే రకాలు తలెత్తి, పీచుదనం పోతుంది. అప్పుడు గొట్టం ఖాళీ చేసి, కడిగి, మళ్లీ మొదలుపెట్టాలి.

వేగంగా పెరిగే ప్రతి జీవిలోనూ ఒక చిక్కు ఉంటుంది. కణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ. అది మన ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారి, కీళ్లవాతానికీ మూత్రపిండాల్లో రాళ్లకూ దారితీయగలదు. కోతకొచ్చిన బూజులో ఎండు బరువు మీద అది సుమారు 10 శాతం. ద్రవాన్ని 65 డిగ్రీల దగ్గరకు వేడిచేసి కొంతసేపు ఉంచితే బూజు తన ఎంజైములతోనే తన ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసుకుంటుంది. ముక్కలు నీళ్లలోకి కారిపోతాయి. 2 శాతం కన్నా తక్కువ మిగులుతుంది. ఆ వేడికి ప్రొటీన్‌లోనూ కొంత భాగం పోతుంది. తినదగినది కావడానికి చెల్లించక తప్పని ధర అది. మిగిలిన మెత్తటి ముద్దను గుడ్డు తెల్లసొనతో కలిపి, ఆవిరి పట్టి, గడ్డకట్టిస్తారు. మంచు పలుకులు దారాలను ఒకదాని పక్కన ఒకటి ఒత్తుతాయి. అప్పుడు పంటికింద కోడిమాంసం నార తగిలినట్టుంటుంది.

ఇంత శ్రమా ఏ తిండిని తలపించడానికి? దానికి జవాబు అట్లాంటిక్ అవతల అప్పటికే సిద్ధంగా ఉంది. 1921లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా పట్టణంలో వైట్ క్యాజిల్ అనే చిన్న హోటలు 5 సెంట్లకు హాంబర్గర్ అమ్మడం మొదలుపెట్టింది. ఈనాడు బర్గర్ అంటే అమెరికా వాళ్ల సహజ భోజనం అనిపిస్తుంది గాని ఆనాడు అది అనుమానపు తిండి. చికాగో మాంసపు కర్మాగారాల గురించి అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల 1906లో వచ్చాక, ఖీమా కొట్టిన మాంసంలో ఏం కలిసిందోనని జనానికి దిగులు. అందుకే వైట్ క్యాజిల్ గోడలకు తెల్లటి పలకలు, పనివాళ్లకు తెల్లటి బట్టలు, కస్టమరు కళ్లెదుటే కాల్చడం. అదీ చాలదని 1930లో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనకు ఆ సంస్థే డబ్బు పెట్టింది. ఒక వైద్యవిద్యార్థి 13 వారాల పాటు ఆ బర్గర్లు, నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు. ఆరోగ్యంగానే బయటపడ్డాడన్న కబురును కంపెనీ ఊరూరా చాటుకుంది.

నేను ఈ ఘట్టాన్ని మార్లో బూజు పక్కన పెట్టి చూస్తాను. మనుషుల మీద పరీక్షలు చేసి, పత్రాలు పుట్టించి, ఇది తింటే ఏమీ కాదని నమ్మించుకోవలసిన అవసరం బర్గరుకూ కలిగింది. వింత తిండికీ మామూలు తిండికీ మధ్య గీత అరవై డెబ్బై ఏళ్లలో ఎంత దూరం జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 1948లో శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలు కొన్నాళ్లు మూసి, వంటగదిని కార్ఖానా పద్ధతిలో తిరిగి అమర్చారు. వంటకాలు తొమ్మిదికి తగ్గాయి. బర్గర్ ధర 15 సెంట్లు. పౌను మాంసానికి పది బిళ్లలు, అంటే ఒక్కోటి 45 గ్రాములు. రొట్టె, బిళ్ల, ఆవపిండి, ఉల్లి, ఊరగాయ ముక్క అన్నీ కొలత ప్రకారమే. బిళ్ల ఏ పశువుదో, దేనితో చేసిందో తినేవాడికి తెలియనక్కర లేని ఆకారం అక్కడ తయారైంది. తర్వాతి కాలంలో సోయా వచ్చినా, బూజు వచ్చినా కూర్చోవడానికి అలాంటి గుండ్రటి చోటే అనువైంది. ప్రత్యామ్నాయ ప్రొటీన్ ఫాస్ట్‌ఫుడ్‌కు ప్రత్యర్థి అని పత్రికలు రాస్తుంటాయి. చరిత్ర చూస్తే రెండూ ఒకే కార్ఖానా యుగం పిల్లలు.

ఇప్పుడు మళ్లీ హైదరాబాదు. 1960ల నుంచి పోషకాహార ప్రయోగశాలలకు సి. గోపాలన్ సారథ్యం వహించారు. ఆసుపత్రికి వచ్చిన రోగులతో ఆగకుండా, ఊళ్లలో పిల్లలు జబ్బు పడకముందు ఏం తింటున్నారో ఆయన బృందం కొలిచింది. ఒళ్లంతా నీరు పట్టే క్వాషియోర్కర్ ఒక పక్క, ఎముకల గూడుగా మారే మరాస్మస్ ఇంకో పక్క. మొదటిది ప్రొటీన్ లోపమనీ, రెండోది మొత్తం తిండి లోపమనీ పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. అదే నిజమైతే ఆ రెండు రకాల పిల్లల తిండిలో తేడా కనబడాలి. కనబడలేదు. 1968లో ప్రచురితమైన పత్రంలో గోపాలన్ చెప్పినది ఇదే: ఒకే ఊళ్లో, ఒకే రకం తిండి తింటూ ఒక బిడ్డ ఇటు, ఒక బిడ్డ అటు వెళుతున్నారు. ప్రొటీన్ నిష్పత్తిలో తేడా లేదు. తేడా ఆ లోటుకు ఒళ్లు ఎంతవరకు సర్దుకోగలిగింది అన్నదాంట్లో ఉంది.

ఆ పిల్లల తిండి అన్నమో, జొన్న సంకటో, కొద్దిగా పప్పో. అది కడుపునిండా దొరికితే వాళ్ల వయసుకు కావలసిన ప్రొటీన్ అందులోనే దాదాపుగా వచ్చేస్తుంది. దొరకదు కాబట్టే చిక్కంతా. శక్తికి చాలినంత తిండి లేనప్పుడు ఒళ్లు ప్రొటీన్‌నే కాల్చి శక్తి చేసుకుంటుంది, వంటచెరకు లేని ఇంట్లో వాసాలు పీకి పొయ్యిలో పెట్టినట్టు. అలాంటి ఇంటికి ఇంకో రెండు వాసాలు ఇచ్చినా అవీ పొయ్యిలోకే పోతాయి. ముందు కట్టెలు కావాలి. ఈ వాదాన్ని నిరూపించడానికి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు 14 నెలల పాటు రోజుకు 310 క్యాలరీల అదనపు తిండి పెట్టి చూశారు. గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన పదార్థం. అందులో ప్రొటీన్ 3 గ్రాములే. పిల్లలు ఎత్తూ బరువూ గట్టిగా పెరిగారు. 1973లో వెలువడిన ఆ ఫలితంలో కొత్త ప్రొటీన్ ఏదీ లేదు. మర రాళ్ల కింద నలిగిన మామూలు గోధుమ ఉంది. అదే కాలంలో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే కూడా లెక్కలతో అదే చోటికి చేరారు: మన దేశంలో ప్రొటీన్ చాలనివాళ్లలో అత్యధికులు అసలు తిండే చాలనివాళ్లు.

ఈ ముగింపు అందరికీ రుచించేది కాదు. ప్రొటీన్ లోపం అంటే శాస్త్రవేత్త, ఇంజినీరు, కంపెనీ కలిసి పరిష్కరించగల సమస్య. తిండి లోపం అంటే కూలి రేట్లు, భూమి, రేషన్ షాపు ప్రస్తావనకు వస్తాయి. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఈ ఇరవై ఏళ్ల వెతుకులాటను ఘోర వైఫల్యంగా వర్ణించారు. 1973లోనే అంతర్జాతీయ నిపుణుల సంఘం పిల్లలకు కావలసిన ప్రొటీన్ అంకెను బాగా తగ్గించింది. అంకె తగ్గగానే కాగితం మీది కొరత చాలావరకు మాయమైంది. 1977లో ప్రొటీన్ సలహా బృందం మూతబడింది.

కట్టిన కర్మాగారాలు మిగిలాయి. జపానులో వినియోగదారుల సంఘాలు పెట్రోలు ప్రొటీన్‌ను ప్రతిఘటించి ఆపించాయి. సార్డీనియా దీవిలో ఏడాదికి లక్ష టన్నులు తీయడానికి బీపీ భాగస్వామ్యంతో కట్టిన ప్లాంటుకు ఇటలీ అధికారుల నుంచి అనుమతులు దక్కలేదు. అది నిలదొక్కుకోకుండానే మూతపడింది. 1973 తర్వాత చమురు ధరలు ఎక్కడికో పోయాక, చమురు నుంచి చవక తిండి అన్న లెక్కే కూలింది. షాంపన్యాకు 1976లో యునెస్కో విజ్ఞాన బహుమతి వచ్చేనాటికి ఆయన కనుగొన్న దాని భవిష్యత్తు దాదాపు ముగిసింది. సోవియట్ యూనియన్‌లో మాత్రం ఈ ప్లాంట్లు పశువుల దాణా కోసం నడిచాయి. కిరిషీ పట్టణంలో గాలిలోకి వచ్చే ప్రొటీన్ ధూళికి ఉబ్బసం, అలర్జీలు వస్తున్నాయని 1987లో జనం వీధుల్లోకి వచ్చారు. ఇంగ్లండులోని బిల్లింగ్‌హామ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ మిథనాల్ మీద బ్యాక్టీరియాను పెంచి ప్రుటీన్ అనే దాణా తీసింది. 15 లక్షల లీటర్ల గొట్టం అది. సోయా చెక్క ధరతో పోటీ పడలేక 1980లలోనే చేతులెత్తేసింది.

ఆ ప్రుటీన్ కోసం కనిపెట్టిన గాలిగొట్టమే మార్లో బూజుకు ఇల్లయింది. ర్యాంక్ కంపెనీ, ఐ.సి.ఐ. కలిసి మార్లో ఫుడ్స్ అనే సంస్థ పెట్టాయి. 1985లో సెయిన్స్‌బరీ దుకాణాల్లో క్వోర్న్ పేరుతో, లోపల కూరిన, తీపి లేని పేస్ట్రీ రూపంలో, ఆ బూజు తొలిసారి అమ్మకానికి వచ్చింది. క్వోర్న్ అన్నది ఇంగ్లండులో ఒక పల్లె పేరు. డబ్బా మీద ఆకలి ప్రస్తావన లేదు, ప్రపంచ ప్రొటీన్ సంక్షోభం ప్రస్తావన లేదు. కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ అని ఉంది. కొన్నవాళ్లు బరువు తగ్గాలనుకున్న బ్రిటిష్ మధ్యతరగతి వాళ్లు, మాంసం మానేసినవాళ్లు. ఇందులో మోసమేమీ లేదు. నిజాయితీగా చేసిన, పోషకాలున్న తిండి అది. కానీ ఎవరి కోసం వెతకడం మొదలైందో వాళ్లు ఈలోగా కథలోంచి తప్పుకున్నారు. 2015లో ఆ సంస్థను ఫిలిప్పీన్స్‌కు చెందిన నూడుల్స్ కంపెనీ మోండే నిస్సిన్ 55 కోట్ల పౌండ్లకు కొన్నది.

2019 జూన్‌లో కేఎఫ్‌సీ ఇంగ్లండులోని కొన్ని శాఖల్లో, కోడికి బదులు క్వోర్న్ ముక్కను తన మసాలా పిండిలోనే దొర్లించి, వేయించి, బర్గరులో పెట్టి అమ్మింది. నాలుగు వారాలకని తెచ్చిన సరుకు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఈ బర్గరును పోషకాల లెక్కలో చూస్తే ప్రొటీన్ కథలో తరచుగా మరుగునపడే సంగతి ఒకటి బయటపడుతుంది. 100 గ్రాముల వట్టి మైకోప్రొటీన్‌లో, అంటే ఏమీ కలపని ఆ బూజు ముద్దలో, సుమారు 11 గ్రాముల ప్రొటీన్, 6 గ్రాముల పీచు, 85 క్యాలరీలు. మాంసంలో పీచు అసలే ఉండదు, కొవ్వు ఎక్కువ. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ అమ్మే సాదా హాంబర్గరులో సుమారు 250 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ముక్క మట్టుకు చూస్తే బూజుదే పైచేయి. పిండి పూత, నూనె, మయొనైజ్, తెల్ల రొట్టె చేరాక ఆ తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. ఫాస్ట్‌ఫుడ్‌లో ఒంటికి భారమయ్యేది ఎప్పుడూ మధ్యనున్న బిళ్ల ఒక్కటే కాదు. పశువును పెంచే నేల, నీరు, దాణా దృష్ట్యా బూజుకు ఉన్న మేలు నిజమైనది. అది బర్గర్ ఆకారంలోనే అందాలన్న నియమం మాత్రం ప్రకృతి పెట్టింది కాదు.

మన ఇళ్లలో ఇలాంటి తిండికి దొరికిన దారి వేరు. నూనె తీసిన సోయా పిండిని వేడి ఒత్తిడితో యంత్రంలోంచి ఉబ్బించి తీసిన ముక్కలు, అమెరికాలో 1960లలో మాంసంలో కలపడానికి పుట్టినవి, మన వంటింట్లో మీల్ మేకర్ అయ్యాయి. ఎండు ముక్కల్లో సగానికి పైగా ప్రొటీనే. అవి బర్గరులోకి పోలేదు. అల్లం, వెల్లుల్లి, గరం మసాలాతో కూరలోకి, బిర్యానీలోకి వచ్చాయి. పేరు అంగడిదే అయినా వంట మనదైంది. ఇంకా పాతది ఉసిళ్ల సంగతి. తొలకరి పడ్డ రాత్రి పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను దీపం పెట్టి పట్టి, రెక్కలు రాలేలా చెరిగి, మూకుడులో వేయించి, బొరుగులతోనో బెల్లంతోనో తినడం మన పల్లెల్లో చాలామందికి అనుభవమే. 2013లో ఆహార వ్యవసాయ సంస్థ తినదగిన పురుగుల మీద పెద్ద నివేదిక వేసి, ప్రపంచంలో సుమారు 200 కోట్లమంది తిండిలో పురుగులు భాగమని చెప్పినప్పుడు పట్నపు పత్రికలు దాన్ని భవిష్యత్తు ఆహారంగా రాశాయి. దీపం చుట్టూ కూర్చుని ఉసిళ్లు ఏరిన పిల్లలకు అది ఏడాదికి రెండు మూడు రాత్రుల పండుగ. ప్రొటీన్ అన్న ఊసు వాళ్లకు తెలియదు.

చివరగా, ఈ వెతుకులాట ఎవరి కోసం మొదలైందో ఆ పిల్లల దగ్గరికే తిరిగి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాక నుంచి నాచారం ఎంతో దూరం లేదు. అక్కడ ప్రభుత్వ సంస్థ తెలంగాణ ఫుడ్స్ అంగన్‌వాడీల కోసం బాలామృతం తయారుచేస్తుంది. ఏడు నెలలు నిండిన బిడ్డ నుంచి మూడేళ్ల బిడ్డ దాకా, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టు. తల్లి రోజుకు 100 గ్రాముల లెక్కన వేడినీళ్లలో కలిపి తినిపిస్తే 400 పైచిలుకు క్యాలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ అందుతాయి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె అందులో ఉంటాయి.